బల్లికి కాపడం

గడపల నిలబడి అట్ల చూస్తవేంది శేషారత్నం వదినె, లోపలికి రా, కూసో. మీదికి పోయి సామాను దించుకున్నరు, ట్రాలీ ఆటోల ఎక్కిచ్చుకున్నరు, అంత అయినంక యాదికొచ్చిందా కింద ఇంటోళ్లున్నరని? అది సుత నా కోసం కాదు, బల్లి కోసం.

సారు ఆటో పక్కన నిలబడి గడియారం చూస్కుంటున్నడు, కిటికీలకెల్లి కనవడ్తనే ఉన్నది. చూస్కోనియ్యి. దిల్‌సుఖ్‌నగర్ కోచింగుల పొద్దంత నిలబడి కప్పల మీద, బల్లుల మీద పాఠం చెప్పే జువాలజీ సారుకు జరసేపు నిలబడుడు కష్టమా?

బల్లి ఏడికి పోదు. అగో, ఆ బల్ల మీద అద్దాల పెట్టె, మీద తువ్వాల. చెయ్యి పెట్టకు. తువ్వాల నేనే తీస్త. ముందుగాల నేను చెప్పేది ఇను. బతికున్నదా అని అడగకు, బతికే ఉన్నది. ఎట్లున్నదన్నది వేరె ముచ్చట. చూడు, బతికే ఉన్నదని చెప్పినంక సుత నీ మొఖంల నెత్తురు లేదు. నేను దవాఖానల పండుకున్ననాడు సుత గింత పరేషాన్ కాలే నువ్వు.

ఎట్ల పోయిన్రు మీరు, యాదుందా?

తెలంగాణ ఇస్తున్నమని చెప్పిన్రు, గల్లీ అంత పటాకులు గాల్చిన్రు. మళ్ల ఇయ్యమన్నరు, బస్సులు గాల్చిన్రు. బంద్, రాస్తారోకో, కాలేజీలు మూత. ఒక పొద్దున మొగుడు పెండ్లాలు బ్యాగులు పట్టుకొని మెట్లు దిగిన్రు. "తెనాలిలో మా పెదనాన్న మనవరాలి పెళ్లి వదినగారూ" అన్నవ్. పుష్యమాసంల పెండ్లి! పుష్యంల లగ్గం పెట్టే అయ్యగారు మీ తెనాలిల ఎవరున్నరో ఒక్కసారి చూపియ్యి, కాళ్లు మొక్కుత. అబద్ధమాడాల్నంటె సుత పంచాంగం చూసుకోని ఆడాలె గదా. భయమైతుంది, పోతున్నం అని చెప్తె నేనేమన్న అడ్డం పండుకుందునా?

పోయేటోళ్లు పోయేటట్టు పోక, ఈ పెట్టె తెచ్చి నా చేతుల పెట్టిన్రు. ఎందుకు నాకే? నేను కంచిల బంగారు బల్లిని ముట్టొచ్చిన్నని.

ముట్టిన మాట నిజమే. మా ఆయిన పట్టుచీరలకు కంచి పోతె ఎంట పోయిన, గుడిల పైన ఉన్న బంగారు బల్లిని అందరి లెక్కనే నేను సుత తడిమిన. గప్పటి సంది ఈ గల్లీల ఎవ్వరి మీద బల్లి పడ్డా తానం చేసి సీదా నా కాడికి ఉరుకుతరు. నా చెయ్యి ముట్టుకుంటె దోషం పోతదట. పోతదో పోదో ఆ దేవునికెర్క, మా వాకిలి మటుకు రేషన్ దుకాణం లెక్క అయ్యింది. నువ్వు సుత ముట్టుకున్నవ్ ఒకనాడు, నీ ఎడమ భుజం మీద పడ్డదని ఉరికొచ్చి. ఇగ గా చెయ్యే బల్లిని సాదుతదని అనుకున్నవ్. "మీకైతే ఏ దోషం ఉండదు వదినగారూ" అని నవ్వినవ్. దోషం ఉండదు సరే, తిప్పలు సుత ఉండయ్యా?

సారు పాఠం మొదలువెట్టిండు. ఇది మన గోడ బల్లి కాదట, ఎడారి బల్లి, చిరుత బల్లి అంటరట, పేరు బుజ్జి అట. పెట్టెల ఒక పక్క వెచ్చగుండాలె, ఇంకో పక్క చల్లగుండాలె, దానికి ఏది కావాల్నో అది పోయి కూసుంటది. వెచ్చదనం కిందికెల్లి పొట్టకు తాకాలె, లేకుంటె తిన్నది అరగదు, కడుపులనే కుళ్లుతది. నాకు ఏండ్ల సంది తిన్నది అరుగుతలేదు. నా పొట్ట కింద ఎవ్వలన్న వేడి పెట్టిన్రా?

సరే, పెట్టె కింద నల్లటి పల్చటి రేకు ఉన్నది, దానికి వైరు, ప్లగ్గుల పెడ్తె సన్నగ వెచ్చగైతది, పురుగుల డబ్బ ఉన్నది, ఇంకేం కావాలె అనుకున్న. మీరు సికింద్రాబాద్ స్టేషన్ల రైలెక్కిన్రో లేదో, ఈడ కరెంటు పోయింది. పోయి ఊకోలే, ఒచ్చింది. ఒచ్చుడొచ్చుడు ట్యూబులైటు భగ్గుమన్నది, ఫ్రిజ్ ఆగింది, మీ నల్ల రేకు కాలిన వాసన కొట్టి సప్పుడు చెయ్యకుంట పండుకున్నది.

గా చలి నీకు తెల్వదు, నువ్వు తెనాలిల ఉన్నవ్. ఈడ పొద్దుగాల బండలు పాదాలను కొరికినయ్. బల్లి రంగు తగ్గింది. పురుగు దాని మూతి ముందటికెల్లి నడ్సిపోతె సుత కన్ను తెర్వలే. నేను రోత అనుకుంటనే కట్టెపుల్లతోని పురుగును నోటి కాడ పెట్టిన. మొఖం తిప్పుకున్నది. బల్లి సుత నాకు మొఖం తిప్పుడే.

సారుకు ఫోన్ కొట్టిన. సిరామిక్ బల్బు అని ఉంటదట, ఎల్తురు ఇయ్యదు, వేడి ఒక్కటే ఇస్తది. చెన్నైల సాంబమూర్తి అని ఆయన దోస్తు ఉన్నడట, పంపిస్తడట. బస్సు లేదు, పార్శిల్ లేదు, సాంబమూర్తి ఏమన్న పావురం కాలికి కట్టి పంపుతడా? "కంగారు పడకండి, ఏదో ఒకటి చేయండి" అన్నడు సారు. గా ఏదో ఒకటి ఏందో చెప్పనీకే గదా అన్ని డిగ్రీలు చదివింది.

ఇగ నేనే బయలెల్లిన. ఎల్బీనగర్ చౌరస్తా కాడ కరెంటు దుకాణం సైదులు ఉన్నడు గదా, సగం షటర్ దించి కూసున్నడు. ముచ్చట చెప్పిన. ఇంత నవ్వి, పెద్ద బల్బు ఒకటి తెచ్చి పెట్టె మీద యాలాడదీసిండు. కోళ్ల ఫారంల పిల్లలకు గిదే పెడ్తరట. బల్లికి గా ఎల్తురు సూదులు గుచ్చినట్టయ్యింది కావచ్చు, కొబ్బరి చిప్ప కిందికి ఉరికి మళ్ల బయటికే రాలే. అది రాత్రి తిరిగే జీవం, మనం దానికి రాత్రే లేకుంట చేసినం. సైదులుకు చెప్తె ఎర్ర జీరో బల్బు పెట్టిండు. పెట్టె చూడనీకి లాడ్జి లెక్క అయ్యింది, వేడి మటుకు చీమ తలకాయంత లేదు. "ఎర్రగుంటె వేడే గదా అక్కా" అన్నడు. ఏం తెలివి!

దిల్‌సుఖ్‌నగర్ల చేపలమ్మే దుకాణపోడు వాణ్ని మించినోడు. చేపల తొట్టిల పెట్టే గాజు హీటరు తెచ్చి చేతుల పెట్టిండు. నీళ్లల్ల ముంచకుంట పెడ్తె పగుల్తదని డబ్బ మీద రాసే ఉన్నది. ఇది చేపనారా బాబు, బల్లి అన్న. "అయితె పెట్టెల జర నీళ్లు పొయ్యిండ్రి" అన్నడు. గిట్లాంటోళ్లు దుకాణాలు నడుపుతున్నరు, మనం పోయి కొంటున్నం.

మా ఆయిన సంగతి చెప్పనే అక్కర లేదు. దుకాణం మూసి పొద్దంత రిలే దీక్ష టెంటుల కూసునుడు. రిలే దీక్ష అంటె ఏమనుకున్నవ్, పొద్దుగాల కడుపునిండ తిని పోవుడు, పొద్దుమీకి కడుపునిండ తిననీకి ఒచ్చుడు. మెడల గులాబి కండువ తియ్యకుంటనే పెట్టె కాడికొచ్చి, "రాష్ట్రమంత ఉడుకుతుంటె నువ్వు ఆంధ్రోళ్ల బల్లికి ఉడుకు చాల్తలేదని ఏడుస్తున్నవా" అన్నడు. మరి ఏం చెయ్యాల్నో చెప్పు నర్సింహులూ అని పేరు పెట్టి పిలిచిన కోపంల. బొగ్గుల కుంపటి పెట్టు అన్నడు. అద్దాల పెట్టెకు బొగ్గుల కుంపటి. పొగకు బల్లి సస్తది, పెట్టె పగుల్తది, ఇల్లు అంటుకుంటది, అన్ని ఒకటేసారి అయిపోతయ్.

గప్పుడు నాకు దేవునర్ర యాదికొచ్చింది. చిన్న అర్ర, కిటికీ లేదు, అఖండ దీపం ఆర్పం మేము. ఆడైతె వెచ్చగుంటదని పెట్టెను దీపం పక్కన పెట్టిన. నేను చేసిన పెద్ద తప్పు గదే. ఎందుకంటవా?

తెల్లారి పక్కింటి అండాలమ్మ ఒచ్చింది. నెత్తి మీద బల్లి పడ్డదట. నా చెయ్యి ముట్టుకోనీకి దేవునర్ర దాక ఒచ్చి, లోపల చూసింది. మీ బుజ్జి పసుపు రంగు, మీద నల్ల సుక్కలు, దీపం ఎల్తుర్ల నిగనిగ మెరుస్తున్నది. ఇగ చూస్కో. రెండు చేతులెత్తి మొక్కి, ఆడనే కూలవడ్డది. కంచి బంగారు బల్లి ఈ భూలక్ష్మి ఇంట్ల జీవంతోని ఎలిసిందని పొద్దెక్కే వరకు గల్లీ అంత తెలిసిపాయె.

పసుపు పట్టుకోని ఒకామె, బియ్యం పట్టుకోని ఒకామె. బడంగ్‌పేట్ కెల్లి సుత ఒచ్చిన్రు, బంద్‌ల బస్సులు లేకున్నా నడిచి ఒచ్చిన్రు. కూలి పనికి పిలిస్తె గంత దూరం నడుస్తరా? ఇది సారు కోచింగుల చెప్పే బల్లి అమ్మా, చెన్నై కెల్లి తెచ్చిన్రు అంటె, "చెన్నై పక్కనే గదా కంచి" అన్నరు. ఇగ ఏం చెప్పాలె? మూత తీసిన. ఒక్కొక్కరు ఏలితోని ముట్టుకుంటున్నరు. నేను ఒద్దనలే వదినె. ఎందుకనలే అంటె, బంద్ మొదలైన సంది మా ఇంటికి మనుషులు ఒచ్చింది గప్పుడే. ఆంధ్రోళ్లకు కిరాయికిచ్చిన్నని కొందరు రాలే, తెలంగాణ దీక్షల మా ఆయిన కూసుంటడని ఇంకొందరు రాలే. బల్లి కోసం అందరు ఒచ్చిన్రు.

మూడో పూట టెంటు మగోళ్లు ఒచ్చిన్రు, మా ఆయిననే ముందట. అప్పటిదాక ఆంధ్రోళ్ల బల్లి అన్నోడు, "మా ఇంటి బల్లి" అని చూపిస్తున్నడు. మాట అన్నంక బల్లి పలికితె గా మాట నిజమైతదని అంటరు గదా. మా ఆయిన చెప్పులిడిసి, చేతులు కట్టుకోని, "తెలంగాణ ఒస్తది" అని బల్లి మొఖాన చెప్పిండు. గింత పెద్ద మనిషి, చౌరస్తాల చీరల దుకాణం ఉన్నోడు. బల్లి పలకలే. మళ్ల చెప్పిండు. పలకలే. "ఆంధ్రోళ్ల ఉప్పు తిన్నది, ఎట్ల పలుకుతది" అని ఒకడన్నడు. అది ఎవ్వరి ఉప్పూ తింటలేదు, తిననీకి దానికి వెచ్చదనమే లేదు అని నేను మొత్తుకుంటున్న.

గండ్ల మహేందర్ అని మెకానిక్ ఉన్నడు, వాడు పలికిస్త అని చెయ్యి లోపల పెట్టి తోక పట్టుకున్నడు.

అరిచింది వదినె. బల్లి అట్ల అరుస్తదని నాకు తెల్వదు. పసిపిల్ల కీచుమన్నట్టు అరిచి, తోక వాని చేతుల ఇడిసి చిప్ప కిందికి దూరింది. తోక బండ మీద పడి కొట్టుకుంటనే ఉన్నది. వీళ్లేం చేసిన్రనుకున్నవ్? చిటికెలేసిన్రు. సత్యం పలికిందని, జై తెలంగాణ అని ఇల్లు ఎగిరిపోయేటట్టు అరిచిన్రు. నాకు సుత తెలంగాణ కావాలె, నేను సుత రోడ్డు మీద బతుకమ్మ ఆడిన, వంట చేసి పెట్టిన. అయితె గా తోక కొట్టుకుంటుంటె పక్కన నిలబడి జై కొట్టనీకి నాకు నోరు రాలే. చీపురు తిరగేసి అందర్ని బయటికి ఎల్లగొట్టిన. మా ఆయిన్ను ముందుగాల.

అగో, ఏడుస్తున్నవా? ఏడువు. నేను ఏడ్చినప్పుడు నువ్వు లేవు.

సారు చెప్పిన మాట గప్పుడు యాదికొచ్చింది. దాని కొవ్వంత తోకలనే దాచుకుంటదట, తిండి లేని రోజులకు. తిండి ఎట్లనో తింటలేదు, దాచుకున్నది వాడు పీకిండు. ఇగ ఇప్పుడు వెచ్చదనం దొర్కకుంటె సచ్చుడే. దేవుని దీపం వేడి పైకి పోతది గాని పొట్టకు తాకదు. బండ మీద పెట్టె, కింద అంత చలి. గిది నాకు తెల్వనీకి దాని తోక పోవాల్సొచ్చింది.

నా కాడ ఉన్నది ఒక్కటే. భుజానికి పెట్టుకునే కరెంటు కాపడం పట్టి.

పోచంపల్లిల పుట్టినోళ్లకైతె చెప్పే పని లేదు. ఒక్క చీరకు ఆసు పోయాల్నంటె దారం పట్టుకోని ఈ చెయ్యి మేకుల చుట్టూ వేల సార్లు తిరగాలె. లంగ కట్టుకునే వయసు కాడికెల్లి పెండ్లయ్యేదాక పోసిన. చీరలు ఎవ్వరెవ్వరో కట్టుకున్నరు, భుజం నాకు మిగిలింది. చలికాలం ఒస్తె చెయ్యి జాకెట్ల దూరదు. గా పట్టి కొనుక్కొచ్చింది నువ్వే గదా, కొత్తపేట మందుల దుకాణంల. కట్టింది సుత నువ్వే ఎన్నోసార్లు.

చీరల మడతల్ల పెట్టే అట్టలు బల్ల మీద పరిచిన, చలి ఎక్కకుంట. అట్టల మీద పట్టి, పట్టి మీద పెట్టె, సగం పెట్టె మటుకే. సన్న వేడిల పెట్టి, మాటిమాటికి అద్దం కింద చెయ్యి పెట్టి చూసుకుంట కూసున్న, ఎక్కువైతె కాల్తది గదా. మెల్లగ ఒచ్చింది. ఒచ్చి పొట్ట మొత్తం ఆనించి, కాళ్లు నాలుగు దిక్కుల చాపి, బోర్ల పడుకున్నది. గా సుఖం చూసి నాకు మండింది. నా పట్టి మీద నా కంటె మంచిగ పండుకున్నది. తెల్లారి పురుగు తిన్నది. మళ్లొకటి తిన్నది.

భుజమా? భుజం ఏడ్పు అది ఏడ్చింది. కొత్త పట్టి కొనుక్కోరాదా అంటవా, గా దుకాణం మూత తియ్యలే ఆ దినాల్ల. తీసినంక నాకే బుద్ధి కాలే.

మంచిదాన్నని చెప్తలేను. ఇంకోటి ఉన్నది, అది సుత ఇను.

నీ చేతుల ఉన్నదే, గా తాళంచెవి. అది ఎక్కడికెల్లి ఒచ్చింది? చెప్పకు, నాకెర్క. మీద ఇంట్ల నీళ్ల నల్ల ఇప్పి పోయిన్రు మీరు. ఒకనాడు నీళ్లొచ్చినయ్, మెట్లమీదికెల్లి వాగు లెక్క పారుతున్నయ్. నీకు ఫోన్ చేస్తె నసిగి నసిగి చెప్పినవ్, తాళంచెవి గంగాధరరావు గారి దగ్గరుందని. రెండు గల్లీల అవతల ఉన్న మనిషి. మీ దిక్కోడు. పోయి బతిమాలితె ఒచ్చిండు. ఒచ్చి తాళం తీసి, "మీరు ఇక్కడే ఉండండమ్మా" అని నన్ను గడప బయట నిలబెట్టి లోపలికి పోయి నల్ల కట్టేసొచ్చిండు. నేను కట్టిచ్చిన ఇల్లు వదినె. నా గడప. తడి మెట్ల మీద బయట నిలబడ్డ.

పన్నెండేండ్ల సంది మీ ఇంట్ల పప్పుల పోపు వాసన నాకెర్క, నా ఇంట్ల పాలు పొంగితె నువ్వు దించినవ్. బల్లిని నమ్మి ఇచ్చినవ్. బీరువను మటుకు నమ్మలే. నేనేమన్న మీ ఇల్లు దోచి టెంటుల పంచుదునా? భయమైంది అంటవ్. భయం కావచ్చు. రోడ్డు మీద అరిచేటోళ్లను చూసి భయపడు, నన్ను చూసి ఎట్ల భయపడ్డవ్?

మాట్లాడకు. ఇగ ఇప్పుడు మాట్లాడి ఏం చేస్తవ్, మంచం సుత ఆటోల ఎక్కినంక.

ఇగో, తువ్వాల తీస్తున్న. చూస్కో. కొత్త తోక మొలుస్తున్నది, ఉల్లిగడ్డ లెక్క పొట్టిగ, లావుగ. మొదటి తోకంత అందం ఉండదట. అయినా తింటున్నది, తిరుగుతున్నది. పట్టి సుత తీస్కపో, పోయే ఇంట్ల అట్టలు మర్చిపోకు, సన్న వేడిలనే పెట్టు.

ఏమంటున్నవ్? ఫోన్ల ఎందుకు చెప్పలేదనా? "బుజ్జి తోక ఎలా ఉంది వదినగారూ" అని నువ్వు అడిగినప్పుడల్ల బంగారం లెక్క ఉన్నదని చెప్పిన. అవు, అబద్ధమే. నీ తెనాలి పెండ్లి కంటె చిన్నదే.

నిజం చెప్తె ఏమైతుండె? సారు గంగాధరరావుకు ఫోన్ కొడ్తుండె. ఆయన ఒచ్చి పెట్టె ఎత్తుకపోతుండె. సామానుకు సుత ఆయనే మనిషిని తెచ్చి ఎక్కిస్తుండె, మీరు తెనాలి కెల్లే సీదా కూకట్‌పల్లిల ఇప్పుడు పోయే కొత్తింటికి పోతుంటిరి. నాకెర్క నీ సంగతి. సామాను కోసమైతె ఎవ్వర్నన్న పంపుతవ్. బల్లి మంచిగున్నదంటె మటుకు పరాయోని చేతికియ్యవ్, నువ్వే ఒస్తవ్. గందుకే బతికిచ్చిన దాన్ని. దయ లేదు, పుణ్యం లేదు, నాకు బల్లులంటె చిన్నప్పటి సంది రోత.

ఒచ్చినవ్. చూసిన. ఇగ పో, సారు ఎండల నిలబడ్డడు.